సవరించిన విత్తనము ఎవరి సొత్తు?



2025వ సంవత్సరము మే నెల 4వ తేదీన కేంద్ర వ్యవసాయ మంత్రి శ్రీ శివరాజ్ సింగ్ చౌహాన్ గారు ఢిల్లీలో రెండు క్రొత్త వరి వంగడములను ప్రకటించిరి. ఒకదాని పేరు డి.ఆర్.ఆర్. ధాన్ 100, దీనికే కమల యని మఱియొక పేరు. రెండవది పూసా డి.ఎస్.టి. రైస్ 1. జన్యు సవరణ పద్ధతిచే మన దేశమున సిద్ధమైన మొదటి వరి వంగడములివి. ఆ వార్త పత్రికలలో వచ్చిననాడు మన సిద్దిపేటలో దానిని చదివినవారు కొందఱు. వానిలో ఆ రెండింటి పుట్టుపూర్వోత్తరములను గమనించినవారు మఱింత కొందఱు. కమల పుట్టినది సాంబ మసూరినుండి. రెండవది పుట్టినది కాటన్ దొర సన్నాలు, అనగా మన రైతులు వెయ్యిన్నిపది యని పిలుచుకొను ఎం.టి.యు. 1010 నుండి. సాంబ మసూరి 1986లో బాపట్లనుండియు, వెయ్యిన్నిపది 2000లో మార్టేరునుండియు వెలువడినవి. రెండును తెలుగు నేలపై పుట్టి, తెలుగు రైతుల మడులలో పేరు గడించినవి. కావున జన్యు సవరణమన నేమి, దానివలని మేలు ఎవరికి చెందవలెను అను ప్రశ్న మనకు పరాయిది కాదు. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

ముందుగా ఆ విద్య యెట్టిదో చెప్పవలెను. ప్రతి ప్రాణి కణమునందును ఆ ప్రాణి యెట్లు పెరుగవలెనో తెలుపు వ్రాత యొకటి కలదు. నాలుగే అక్షరములతో వ్రాసిన మహాగ్రంథమది. వరి గ్రంథమున ఆ అక్షరములు సుమారు 40 కోట్లు. మనుష్యునిలో సుమారు 300 కోట్లు. ఇక సూక్ష్మజీవులను చూడుడు. కంటికి కనబడని ఆ ప్రాణులు తమపై దాడి చేయు వైరసులను గుర్తుపట్టి త్రుంచివేయుటకు ఒక సాధనము నుంచుకొన్నవి. అందు రెండు భాగములు: దారి చూపునది ఒకటి, కత్తెరవలె కోయునది ఒకటి. దారి చూపుదానిని మార్చినచో కత్తెర మనము కోరిన చోటనే కోయునని 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పాంటియే అను ఇద్దఱు విదుషీమణులు నిరూపించిరి. 2020లో వారికి నోబెల్ బహుమానము లభించెను. తెగిన చోట కణము తనంతట తానే అతుకు వేసికొనును. ఆ తొందరపాటు అతుకులో ఒకటి రెండక్షరములు జారిపోవును, లేదా క్రొత్తవి చొచ్చును. అంతట ఆ జన్యువు చేయు పని ఆగును, లేదా మందగించును.

సాంబ మసూరియందు చేసినది ఇంతే. వరికంకికి గింజలు మెండుగ పట్టుటకు సైటోకైనిన్ అను హార్మోను తోడ్పడును. దానిని విఱుగగొట్టు ఎంజైము నొకదానిని పుట్టించు జన్యువు గలదు. ఆ జన్యువు మందగించినచో గింజలు పెరుగునని జపాను శాస్త్రజ్ఞులు 2005లోనే కనుగొనిరి. రాజేంద్రనగరులోని భారత వరి పరిశోధన సంస్థవారు సాంబ మసూరిలో ఆ జన్యువునకు కత్తెర పెట్టిరి. బి.టి. పత్తికిని దీనికిని భేదమిచ్చటనే యున్నది. పత్తిలో మట్టియందలి సూక్ష్మజీవి జన్యువును తెచ్చి చేర్చిరి. కమలలో తన వ్రాతలోనే ఒక తుడుపు జరిగినది. కత్తెరను లోనికి పంపుట తప్పదు గాని, తరువాతి తరపు మొలకలలో ఆ కత్తెర జన్యువు మిగులని మొక్కలను ఏరి, వానినే పెంచెదరు.

ఇట్టి తుడుపులు ప్రకృతియు చేయుచునే యున్నది. సాంబ మసూరి వంశమునే విచారింపుడు. దాని పూర్వులలో జి.ఇ.బి. 24 అను వంగడమొకటి. తనంతట తాను మారిన మొక్కను కోయంబత్తూరు వ్యవసాయ క్షేత్రమువారు ఏరి నిలిపినది. మఱియొకటి తైవాను ద్వీపపు తైచుంగ్ నేటివ్ 1. మూడవది మలయాదేశమున స్థిరపడిన మసూరి. దాని తల్లిదండ్రులలో ఒకటి జపాను జాతి వరి. ఇన్ని దేశముల రైతులు, ఇన్ని తరముల ఆడవారు చేటలలో చెఱిగి, కంకులు ఏరి, గుమ్ములలో దాచి నిలిపిన వ్రాత అది. తాళపత్ర గ్రంథమున ఒక అక్షరము దిద్దిన లేఖకుని మనము మెచ్చుకొందుము. అతనికి కూలియు ఇత్తుము. అంతమాత్రమున గ్రంథమంతయు తనదే యని అతడు పెట్టెలో పెట్టి తాళము వేసినచో ఊరకుందుమా? కమలను చేసినది ప్రభుత్వ సంస్థ గాన అట్టి తాళమింతవఱకు పడలేదు. ఐనను తాళపుచెవులు అన్నియు మన చేతిలో లేవు. ఆ సంగతికి తరువాత వచ్చెదను.

ఈ విత్తనము మన జిల్లాకు ఏమి చేయగలదో మొదట లెక్కింతము. ఈ మెట్టసీమలో వ్యవసాయమనగా చెఱువు, బావి, బోరుబావి; ఎండిన బోరు ప్రక్కన మఱియొక బోరు, దానితోబాటు మఱియొక అప్పు. 2020లో చంద్లాపూరు కడనున్న రంగనాయక సాగరమునకును, కొండపోచమ్మ సాగరమునకును, తరువాత మల్లన్న సాగరమునకును గోదావరి జలము వచ్చినది. అది వాలున పారి వచ్చినది కాదు. పెద్దపెద్ద యంత్రములచే మెట్టుమెట్టుగ ఎత్తి తెచ్చినది. కాలువ క్రిందనైనను, బోరు క్రిందనైనను మన వరి త్రాగు ప్రతి తడియు విద్యుత్తుచే పైకి లేచిన నీరే. కమల సుమారు 130 దినములకే కోతకు వచ్చునని సంస్థవారి మాట. సాంబ మసూరికంటె 20 దినములు ముందు. ఇరువది దినముల నీరు మిగులుట సిద్దిపేట రైతునకు చిన్న విషయము కాదు. వానాకాలపు కోతకు యాసంగి నాటునకు నడుమ ఊపిరి పీల్చుకొను వ్యవధి దొరకును.

దిగుబడి మాట: 2023, 2024 సంవత్సరములలో 25 చోట్ల పరీక్షింపగా కమల సగటున హెక్టారుకు 5.37 టన్నులును, సాంబ మసూరి 4.5 టన్నులును ఇచ్చినవని ప్రకటించిరి. మన లెక్కకు మార్చినచో ఎకరమునకు 18 క్వింటాళ్లు పండు చోట సుమారు 21న్నర క్వింటాళ్లు. మూడున్నర క్వింటాళ్ల సన్నవడ్లు! 2024 వానాకాలమునుండి సన్నవడ్లకు రాష్ట్ర ప్రభుత్వము క్వింటాలుకు 500 రూపాయల బోనసు ప్రకటించిన తరువాత ఈ అంకె విన్న రైతు చెవులు నిక్కపొడుచుట సహజము.

కాని ఆ అంకెలపై వివాదము పుట్టినది. 2025 అక్టోబరులో జి.ఎం. రహిత భారత కూటమివారు, పరిశోధన మండలి యొక్క స్వంత నివేదికలలోని ఫలితములు ప్రకటించిన మాటలతో సరిపోవుట లేదనియు, కొన్ని చోట్ల క్రొత్త వంగడములు పాతవానికంటె తీసిపోయినవనియు ఆక్షేపించిరి. మండలివారు అది నిజము కాదనిరి. ఇట్టి తగవు పత్రికా ప్రకటనలచే తీరదు. 25 చోట్లలో ప్రతి చోటి ఫలితమును, గెలిచినదియు ఓడినదియు, తెలుగులో అచ్చువేసి రైతు వేదికలలో గోడకు అంటింపవలెను. మన జిల్లాలోనే నల్లరేగడిలో ఒకటి, చల్కలో ఒకటి మడి చేసి, కమలను సాంబ మసూరిని ప్రక్కప్రక్కన నాటి, కోతనాడు రైతుల యెదుటనే తూచవలెను. తూకమునకు మించిన సాక్ష్యము లేదు.

ఇంకొక సంగతి గలదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 1989లో చేసిన నియమముల ప్రకారము జన్యుమార్పిడి పంటలు బహు కఠినమైన పరీక్షలు దాటవలెను. 2022 మార్చి 30న కేంద్ర ప్రభుత్వము, పరజన్యువు మిగులని సవరణ పంటలను ఆ నియమములలో కొన్నింటినుండి మినహాయించినది. పరజన్యువు లేదని తేల్చు బాధ్యత ప్రధానముగ ఆ పరిశోధన సంస్థలోని జీవభద్రతా సంఘముదే. ఒకటి రెండక్షరములు మారిన గింజకు, పరజాతి జన్యువు చేర్చిన గింజకు ఒకే కొలత పెట్టనక్కఱలేదని నేనును ఒప్పుకొందును. ఐతే వండినవాని యింటివారే రుచి చూచి బాగున్నదన్నచో, తినువాడు మఱియొక మాటు అడుగుట తప్పు కాదు. కత్తెర కోరిన చోటనే కోసినదా, మఱియొక చోటకూడ గాటు పెట్టినదా అను పరీక్ష నివేదికను దాచుటకు కారణమేమియు లేదు. పరీక్షలు తగ్గించిరి, సరే. ఆ తగ్గింపు చెప్పవలసిన మాటలకు వర్తింపరాదు.

ఈ విషయములను ఒక గ్రామపు రైతు వేదికలో ఒకనాడు నేను వివరించుచుండగా, వెనుక వరుసలో కూర్చున్న పెద్దాయన యొకడు లేచి ఇట్లడిగెను: "సారూ, గదంత మంచిగనే ఉన్నది. గా కమల ఇత్తనం అస్తే, మేం దాసుకొని మల్ల ఏసుకోవచ్చునా? లేకుంటే పత్తి లెక్క ఏటేట కొనుడేనా?"

కణమును గూర్చియు కత్తెరను గూర్చియు నేను చెప్పిన అరగంట ప్రసంగముకంటె ఆ ప్రశ్న బరువైనది. చట్టము ఏమనుచున్నదో చెప్పితిని. 2001 నాటి సస్య వంగడముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టములో 39వ విభాగము ప్రకారము, రైతు తన పంటలోని విత్తనమును దాచుకొనవచ్చును, మరల విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును, అమ్మవచ్చును. రక్షణ పొందిన వంగడమునైతే ముద్రవేసిన సంచిగ మాత్రము అమ్మరాదు. కమల సంకరము కాదు. సాంబ మసూరివలె సూటి వంగడము. కావున దాచిన గింజ తల్లివలెనే మొలచును. మన పేటెంటు చట్టములో 3వ విభాగమందు మొక్కలకును విత్తనములకును పేటెంటు ఇయ్యరాదని స్పష్టముగ నున్నది. ఇంతవఱకు పెద్దాయనకు అనుకూలమే.

చిక్కు మఱియొక చోట గలదు. గింజకు పేటెంటు లేకున్నను, గింజను దిద్దిన కత్తెరకు గలదు. ఆ కత్తెరపై హక్కు ఎవరిదని అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పక్షమునకును, మసాచుసెట్సులోని బ్రాడ్ సంస్థకును ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడచినవి. తత్సంబంధమైన పేటెంటులు మన దేశమునందును మంజూరైనవి. పరిశోధనశాలలో కత్తెరను ఉపయోగించుట వేరు. దానిచే చేసిన విత్తనమును సంచులలో నింపి అమ్ముట వేరు. అమ్ముటకు అనుమతి కొనవలసినచో, దాని వెల యెంత, ఆ వెలను ఖజానా భరించునా, విత్తనపు సంచిపై వేయుదురా? విత్తనము పెంపకపు దశలు దాటి అంగడికి వచ్చుటకు ముందే తేలవలసిన మాట యిది. విత్తిన తరువాత అడిగినచో రైతునకు బేరమాడు బలముండదు.

బేరమాడలేని స్థితి యెట్టిదో ఈ ప్రాంతమువారికి ఎఱుకే. 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చినది. తరువాతి ఏండ్లలో 450 గ్రాముల సంచి వెల 1,600 రూపాయలు దాటినది. అందులో అధికభాగము విత్తనపు ఖరీదు కాదు, జన్యువును తెచ్చిన మాహికో మోన్సాంటో బయోటెక్ కంపెనీకి చెల్లవలసిన సాంకేతిక రుసుము. పురుగు మందుల ఖర్చు తగ్గునను ఆశతో రైతు కొన్నాడు. వాన తప్పిననాడు సంచి వెలయు, మందు వెలయు కలిసి అప్పయినది. ఆ కాలమున మెదకు, వరంగల్లు జిల్లాల పత్తి రైతుల యిండ్లలో జరిగిన ఘోరములు మీకు నేను చెప్పనక్కఱలేదు. తుదకు 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపారముల నియంత్రణ సంఘమును ఆశ్రయించినది. రుసుము అధికమని సంఘము అభిప్రాయపడినది. ప్రభుత్వము సంచి వెల 750 రూపాయలుగ నిర్ణయించినది. మఱుసటి సంవత్సరము చట్టమే చేసినది. ఒక్క వేసవిలో వెల సగమునకంటె తక్కువయ్యెను. అనగా అంతకుముందు చెల్లించిన మిగత సగము అవసరమైనది కాదన్నమాట. ఆ నాలుగేండ్ల సొమ్ము ఎవరును తిరిగి యియ్యలేదు.

కమల విషయమున అట్టి నాలుగేండ్లు గడువరాదని నా కోరిక. ఇది ప్రజల పన్నుతో ప్రభుత్వ సంస్థలో పుట్టిన గింజ. పత్తివలె పరదేశపు సరకు కాదు. కావుననే దీనియందు న్యాయము చేయుట సులభము, చేయకుండుట మఱింత తప్పు.

కౌలుదారుని మాటయు చెప్పవలెను. మన గ్రామములలో నాటు వేయువారందఱు భూమి గలవారు కారు. ఎకరమునకు మూడున్నర క్వింటాళ్లు పెరిగెనని తెలిసిన మఱునాడే కౌలు పెంచు పట్టాదారులు లేకపోలేరు. అప్పుడు జన్యువులో జరిగిన తుడుపు ఫలము గట్టు దాటి పట్టాదారుని గరిసెలోనికి పోవును. దీనికి కత్తెర మందు కాదు. కౌలు కాగితమే మందు.

మఱియు, వరి నాటలేనివారి సంగతి యేమి? పూర్వపు మెదకు జిల్లాలోనిదే జహీరాబాదు ప్రాంతము. అచ్చట డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు, అధికభాగము దళిత స్త్రీలు, జొన్న, కొఱ్ఱ, సామ, కంది విత్తనములను తరతరములుగ దాచుచు, ఇచ్చిపుచ్చుకొనుచున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము వారికి లభించెను. సవరణ విద్య మన దేశమున మొదట తట్టిన తలుపు నీరు గల వరిదే. ఎఱ్ఱ చల్కలో కొఱ్ఱ వేసికొను పేదరాలి తలుపు ఎప్పుడు తట్టును? తట్టుటకు ముందు ఆమెను "నీకేమి కావలెనమ్మా" యని ఎవరైన అడుగుదురా? కంకి పెద్దది కావలెనని ఆమె అనకపోవచ్చును. పిట్టలు తినని కంకి కావలెనని అనవచ్చును, దంచుటకు సులువైన గింజ కావలెనని అనవచ్చును. దంచు చేతులకు తెలిసిన సంగతి పరిశోధనశాలకు తెలియుట అరుదు.

ఇదే కత్తెర మనుష్యుని వైద్యమునకును వచ్చినది. మన తెలంగాణమునందే ఆదిలాబాదు గూడెములలో సికిల్ సెల్ అను రక్తవ్యాధి గలదు. ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి నాళములలో అడ్డుపడును; ఎముకలలో భరింపరాని నొప్పి పుట్టును. రోగి మజ్జలోని మూలకణములను వెలికి తీసి, కత్తెరచే సవరించి, గర్భమందున్నప్పటి హిమోగ్లోబినును మరల పుట్టునట్లు చేసి, తిరిగి ఎక్కించు చికిత్సకు 2023 నవంబరులో బ్రిటను, డిసెంబరులో అమెరికా అనుమతి యిచ్చినవి. అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు. మన సొమ్ములో 18 కోట్ల రూపాయలకు పైమాటే. గూడెములోని గోండు బాలునకు ఆ మందు ఉన్నను లేనట్లే. ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. సంస్థవారు తక్కువ ఖర్చుతో స్వదేశీయముగ అట్టి చికిత్సను సిద్ధము చేయుచు, గిరిజన వీరుడు బిర్సా ముండా పేరున దానికి బిర్సా 101 అని పేరు పెట్టి, 2025 నవంబరులో ప్రకటించిరి. పేరు గిరిజనునిది, వెలయు గిరిజనునికి అందునట్లుండవలెను. సీరం ఇన్‌స్టిట్యూట్‌తో జరిగిన ఒప్పందమున ఆ వెలకు హద్దు నిర్ణయించుట ప్రభుత్వపు చేతిలోని పని.

పుట్టబోవు శిశువుల వ్రాతను దిద్దుట మాత్రము వేఱు సంగతి. 2018లో చైనాలో హే జియాన్‌కుయ్ అను శాస్త్రజ్ఞుడు పిండదశలోనే సవరించి కవల బాలికలను పుట్టించెను. మఱుసటి సంవత్సరము అతనికి మూడేండ్ల కారాగారము పడినది. వరిలో సవరణ చెడినచో ఆ మడిని దున్నివేయుదుము. బిడ్డను, ఆ బిడ్డకు పుట్టు బిడ్డలను ఏమి చేయుదుము? మన దేశపు మార్గదర్శకములు దీనిని నిషేధించినవి. ఇట మఱియొక మాట అనవసరము.

ఇక మన యూరి పనికి వత్తము. కమలయో, దానివంటి మఱియొకటియో వచ్చుచున్నదని వినినప్పుడు, రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారిని మీరు అడుగవలసిన మాటలు గలవు. సంచిమీద సవరించిన విత్తనమని తెలుగులో వ్రాయుదురా? సంచి వెలలో పేటెంటు రుసుము ఎంత? దాచి విత్తుకొనవచ్చునని సంచిమీదనే అచ్చువేయుదురా? మన నేలలో ఎన్ని క్వింటాళ్లు తూగినది, ఎవరి పొలమున, ఎవరి యెదుట? పాత సాంబ మసూరి విత్తనమును ఉత్పత్తి చేయుట మానరు గదా? ఈ చివరి మాట మఱవకుడు. క్రొత్తది నచ్చనివాడు పాతదానికి తిరిగిపోవుటకు అంగడిలో పాత సంచి ఉండవలెను. బి.టి. పత్తి వచ్చిన కొన్ని యేండ్లకే మన అంగళ్లలో పాత పత్తి విత్తనము దొరకుట దుర్లభమైనది. వలదనుకొన్నవానికిని వేఱు దారి మిగులలేదు. ఆ అధికారి మీ ప్రశ్నలకు బదులు చెప్పలేనిచో అది ఆయన తప్పు కాదు. వ్రాసికొని పైకి పంపుమనుడు. మీ గ్రామసభ తీర్మానముగ పంపినచో మఱింత మేలు.